తవుడు పీపా: నోతో వంటగది డైరీ

ఏప్రిల్ 27, 2024, శనివారం

ఈరోజు లెక్క: 41 మంది, 6 కిలోల బియ్యం, అడుగంటిన గిన్నె ఒకటి.

సంగతేమిటో ముందే రాసి పెట్టుకుంటాను, తర్వాత నాకే గుర్తుండదు. జనవరి 1 సాయంత్రం 4:10కి ఇషికావా ప్రిఫెక్చర్‌లోని నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. జపాన్‌లో కొత్త సంవత్సరమంటే మనకి సంక్రాంతి లాంటిది. టోక్యో, ఒసాకాల్లో ఉద్యోగాలు చేసుకునే పిల్లలంతా ఊళ్ళకి చేరి ఉన్న పూట. నేనుండే కనజావా అక్కడికి దక్షిణాన దాదాపు వంద కిలోమీటర్లు. మా వంటింట్లో స్టీలు డబ్బాలు దొర్లాయి, అంతే.

నాలుగు నెలలవుతున్నా వాజిమా, సుజు వైపు కూలిన ఇళ్ళలోంచి సామాను తీసే పని ఇంకా సగం కూడా కాలేదనిపిస్తుంది. సుజులోనూ నోతో పట్టణంలోనూ జనాభాలో సగం మంది 65 దాటినవాళ్ళే, వాళ్ళేం మోస్తారు? శని, ఆదివారాలు వలంటీర్లు వస్తారు. వలంటీరుకి మొదటి రూలు: నీ తిండి, నీ నీళ్ళు, నీ పడక నువ్వే తెచ్చుకోవాలి. 'జికో కన్‌కెత్సు' అంటారు, ఎవరి ఏర్పాటు వాళ్ళదే అని. రూలు మంచిదే. నీళ్ళ పైపులు పగిలిన ఊరికెళ్ళి మర్యాదలు ఎదురుచూడకూడదు కదా. కానీ ఆ రూలు ఎలా ఉంటుందో మార్చిలో చూశాను. పొడిగా ఉన్నప్పుడే పాతిక, ముప్ఫై కిలోలు తూగే తతామి చాపల్ని తడిసినవి తడిసినట్టే పగలంతా మోసిన మనిషి, రాత్రి ఏడింటికి జిమ్ నేల మీద కూర్చుని కప్ నూడుల్స్‌లో నీళ్ళు పోసుకుంటున్నాడు. మర్నాడూ అదే. మూడోరోజు పొద్దున నడుం పట్టేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

అందుకని ఏడుగురం కలిసి మొదలుపెట్టాం. నోతో పట్టణంలో మూతపడిన ఒక చిన్న స్కూలు వంటగది దొరికింది. శనివారం రాత్రి వేడి భోజనం, ఆదివారం పొద్దున మనిషికి రెండు ఒనిగిరీలు (అన్నం ముద్దలు). తలకి 350 యెన్‌లు దాటకూడదు. కర్రీ, పంది మాంసం సూపు చేయకూడదని మాలో మేమే పెట్టుకున్న రూలు. 'తకిదాషి' అని ఎవరు గుంపుగా వండిపెట్టడానికి వచ్చినా ఈ రెండే చేస్తారు, తినేవాళ్ళకి మొహం మొత్తింది. ఇక్కడివాళ్ళు ఇళ్ళలో వండుకునేదే చేద్దాం అనుకున్నాం. చేయడం మాలో ఒక్కరికీ రాదు.

"బాధితులకి కాకుండా వలంటీర్లకి వండటమేంటి?" అని ఆఫీసులో ఒకాయన అడిగాడు. నా దగ్గర గట్టి జవాబు లేదు.

అడుగంటింది ముల్లంగి కూర. ఇంటి స్టవ్ మంట వేరు, ఈ ఇనప పొయ్యి మంట వేరు.

మే 4, శనివారం

48 మంది.

వంటగదికి పెద్దదిక్కు దొరికింది. 78 ఏళ్ళావిడ. పేరు రాయను. వాజిమాలో మాచినో అనే లోయ ఉంది, అక్కడ పొలాల పక్కన నాలుగు గదుల మిన్‌షుకు నడిపేది. మిన్‌షుకు అంటే సొంత ఇంట్లోనే గదులిచ్చి భోజనం పెట్టే చిన్న సత్రం. సత్రం పైకప్పు కూలింది, వెనక కొట్టాం మిగిలింది. పోయిన నెల మావాళ్ళు వెళ్ళి ఆ కొట్టాం ఖాళీ చేసి పెట్టారు. పనయ్యాక ఆవిడ టీ ఇవ్వబోతే, రూలు ప్రకారం వద్దన్నారు. అది ఆవిడకి గుచ్చుకుంది. "ఇంటికొచ్చి చాకిరీ చేసినవాళ్ళని గొంతు కూడా తడపకుండా పంపాను" అని నాతో ఈరోజు మూడుసార్లు అంది. వంటగది సంగతి తెలిసి ఎవరి కారులోనో ఎక్కి వచ్చేసింది, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఇషిరి సీసాతో.

నేను బియ్యం బస్తా దించుతుంటే "కినొదోకునా" అంది. నేను నేర్చుకున్న పుస్తకాల జపనీస్‌లో ఆ మాటకి 'అయ్యో పాపం' అని అర్థం. ఎందుకు జాలిపడుతోందో తెలియక నా చొక్కా చూసుకున్నాను. ఇషికావా వాడుకలో అది థాంక్స్ అట. మన పెద్దవాళ్ళు "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అంటారే, అలాంటిది.

నన్ను 'నీ-చాన్' అంటోంది, అబ్బాయీ అన్నట్టు. నేను 'బా-చాన్' అంటున్నాను. ఇక్కడ మామ్మ అనే రాసుకుంటాను.

ఇషిరి గురించి ఒక్కమాట. ఇది నోతో చేపల సాస్, సోయా సాస్ అవతారమెత్తిన ఎండు రొయ్య అనుకోవచ్చు. లోపలి సముద్రం వైపువాళ్ళు స్క్విడ్ పేగుల్ని ఉప్పులో ఏళ్ళ తరబడి ఊరబెట్టి చేస్తారు. బయటి సముద్రం వైపువాళ్ళు కవళ్ళతో, కానాగంతలతో చేసి 'ఇషిరు' అంటారు. మూత తీయగానే మావాళ్ళలో టోక్యో అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. నాకు మాత్రం మా నాగాయలంక సంత గుర్తొచ్చింది.

మే 5, ఆదివారం

ఒనిగిరీలు పంచేశాక మామ్మని మాచినోలో దింపడానికి వెళ్ళాం. దింపి రావడమే అనుకున్నాం, సాయంత్రమైంది.

కొట్టాంలో ఒక కుండనిండా ఇవాషి, అంటే మన కవళ్ళు. తల, పేగులు తీసి పది రోజుల కిందటే ఉప్పులో వేసి పెట్టింది. ఇల్లు కూలి సగం సామాను టార్పాలిన్ల కింద ఉన్న మనిషి, ఏప్రిల్‌లో చేపలొచ్చాయి కదా అని ఉప్పు వేసుకుంది! వాటిని ఇవాళ పీపాలోకి ఎత్తాలి. 'కొంకా-ఇవాషి' అంటారు. కొంకా అంటే తవుడు. జపనీస్‌లో 'కోమె-నుకా' అనేది ఇక్కడివాళ్ళ నోట్లో నలిగి కొంకా అయింది.

పీపా అడుగున పిడికెడు మందాన తవుడు. దాని మీద చేపలు ఒకదాని తలవైపు ఇంకోదాని తోక వచ్చేలా వరసగా. మళ్ళీ తవుడు, మధ్యమధ్య ఎండుమిర్చి ముక్కలు. నాలుగు వరసలయ్యాక, చేపలు ఉప్పులో ఊరినప్పుడు దిగిన నీళ్ళని ఆఖరున అంచుల వెంట పోసింది. పీపా నోటికన్నా చిన్నదైన చెక్క మూత, దాని మీద ఏటి రాయి. మూత చేపల్తో పాటు కిందికి దిగుతుంది, గాలి చొరబడదు. ఆవకాయలో నూనె చేసే పనే ఇక్కడ ఈ రాయి చేస్తుంది. మోచేతుల దాకా తవుడంటుకుని, పచ్చి రైసుమిల్లు వాసన. గేదెల కుడితి కలిపినప్పటి తర్వాత నా చేతులకి ఆ వాసన తగలలేదు.

కనజావా నుంచి తెచ్చిన గుంటూరు మిర్చి నాలుగు ఇచ్చాను. ఒకటి కొరికి "దారా!" అంది. దారా అంటే ఇక్కడి భాషలో వెర్రివాడా అని. కాసేపు నీళ్ళు తాగి, మిగిలిన మూడూ ఆఖరి వరసలో వేసింది.

"ఎప్పుడు తీస్తారు?"

"చలి మొదలయ్యాక. వంటగదికే తీసుకొస్తాలే."

రాత్రి ఫోన్లో అమ్మకి చెప్తే "తవుట్లో చేపలేంట్రా, కవళ్ళు శుభ్రంగా ఎండబెట్టుకోక" అంది. అమ్మా, ఇక్కడ శీతాకాలమంతా మబ్బే, మంచే, ఎండ ఎక్కడిది అన్నాను. "అయితే సరే" అంది, ఆ ఎండ లేకపోవడానికి నేనే కారణమన్నట్టు.

జూన్ 8, శనివారం

52 మంది. ఈరోజు 'జెయితాకు-ని'. ఈ వంటకాన్ని మర్చిపోకుండా వివరంగా రాసుకోవాలి.

తకువాన్ అంటే తవుట్లో, ఉప్పులో ఊరేసిన ఎండు ముల్లంగి పచ్చడి. డిసెంబరులో పెడతారు. జూన్ వచ్చేసరికి పీపా అడుగున మిగిలినవి పులిసిపోతాయి. మనమైతే ఊరగాయ పులిస్తే అన్నంలో ఇంకాస్త నూనె వేసుకుంటాం. వీళ్ళు దాన్ని సన్నగా తరిగి, ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి, రాత్రంతా నానబెట్టి ఉప్పు లాగేసి, మళ్ళీ కూర వండుతారు. జెయితాకు అంటే విలాసం. తినడానికి సిద్ధంగా ఉన్న పచ్చడిని ఇంకోసారి పొయ్యి మీద పెట్టడం విలాసం కాక మరేమిటి అని ఆ పేరు. వేళాకోళంతో పెట్టిన పేరనుకుంటున్నాను. పారేయడానికి మనసొప్పని ఇంట్లో పుట్టిన వంటకానికి ఇలాంటి పేరు పెట్టినవాళ్ళంటే నాకు ఇష్టం.

50 మందికి మా కొలత: తకువాన్ 2.5 కిలోలు, మూడు మిల్లీమీటర్ల చక్రాలు. పది నిమిషాల ఉడుకు, పారబోత, చల్లటి నీళ్ళలో ఒక రాత్రి. పొద్దున ఒక ముక్క నమిలితే ఉప్పు 'ఉందా లేదా' అన్నట్టుండాలి. ముక్కలు మునిగేంత నీళ్ళలో నిబోషి (ఎండు చేపపిల్లలు) 60 గ్రాములు, సోయా సాస్ 180 మిల్లీలీటర్లు, మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు సారా) 100, ఎండుమిర్చి నాలుగు. నీళ్ళు మూడో వంతుకి వచ్చేదాకా చిన్నమంట. దించేముందు ఇషిరి రెండు చెంచాలు.

ఈ కొలతలు రాబట్టడం ఒక దొంగపని. మామ్మ దేన్నీ కొలవదు. అడిగితే 'మె-బున్‌ర్యో' అంటుంది, అంటే కంటి కొలత. నేనేమో ఎక్సెల్ పట్టుకుని వెంటపడతాను. చివరికి గిన్నె కింద డిజిటల్ తూకం పెట్టి, దాని అంకెలకి తువ్వాలు కప్పాను. మూడుసార్లు మూడు గిన్నెల్లో సోయా సాస్ పోసింది: 212 గ్రాములు, 208, 215. సీసా మూతి వంక కూడా చూడలేదు, నాతో మాట్లాడుతూనే పోసింది. తువ్వాలు తీసి చూపిస్తే మొదట నవ్వింది, తర్వాత 208 దగ్గర వేలు పెట్టి "ఇదెందుకు తగ్గింది?" అని నిజంగా చిన్నబుచ్చుకుంది.

పెద్ద వంటకి ఇంటి కొలతని 12తో గుణిస్తే సరిపోతుందనుకోవడం నా మొదటి నెల పొరపాటు. పెద్ద గిన్నెలో నీళ్ళు తక్కువగా ఆవిరవుతాయి కాబట్టి ఉప్పు, సోయా పూర్తిగా గుణించకుండా ముప్పాతిక వంతుతో మొదలుపెట్టి రుచి చూసుకోవాలి. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు ఒక్కటే బుద్ధిగా లెక్క వింటుంది: మనిషికి 180 మిల్లీలీటర్లు, మిసో 13 గ్రాములు.

గిన్నెలు కడగడానికి నీళ్ళు ఆదా చేయాలని ప్లాస్టిక్ రేకు కప్పి దానిలో వడ్డిస్తున్నాం. తిన్నాక రేకు తీసేస్తే గిన్నె శుభ్రం. చూడ్డానికి బాగోదు. మామ్మకి అసలు నచ్చలేదు.

జులై 20, శనివారం

55 మంది. ఫెయిల్.

'నాసు-సోమెన్' చేశాం. ఇషికావా ఇళ్ళలో వేసవి వంటకం: వంకాయలకి గాట్లు పెట్టి సోయా పులుసులో ఉడికించి, అందులోనే సోమెన్ అనే సన్న నూడుల్స్ వేస్తారు. ఇంట్లో నలుగురికి చక్కగా వస్తుంది. సరిగ్గా ఏడింటికి నూడుల్స్ వేశాను. వలంటీర్ల బస్సు నలభై నిమిషాలు లేటు. మూత తీసేసరికి పులుసు లేదు, సోమెన్ లేదు, వంకాయలు తేలుతున్న గంజి ఉంది. తిన్నారు పాపం. ఒకతను రెండోసారి కూడా అడిగాడు, మర్యాదకే అని నా అనుమానం. ఇకమీదట వంకాయలు ముందే ఉడికించి పెట్టడం, సోమెన్ పదేసి మందికి అప్పటికప్పుడు వేయడం.

పరువు నిలబెట్టింది 'బేరోబేరో'. కాంతెన్ (సముద్రపు నాచుతో చేసే అగర్) నీళ్ళలో మరిగించి, చక్కెర, సోయా, అల్లం రసం వేసి, గిలకొట్టిన గుడ్డు సన్నధారగా పోసి పళ్ళెంలో వదిలేయడమే. గది వేడిలోనే గడ్డకడుతుంది, జెలటిన్‌లా ఫ్రిజ్ అడగదు. తియ్యగా, ఉప్పగా ఉండే గుడ్డు జెల్లీ అంటే తెలుగు నాలుక మొదట తికమకపడుతుంది. రెండో ముక్కకి అలవాటైపోతుంది. పండగలకి తప్పకుండా ఉండే వంటకమట.

పండగ అనగానే మామ్మ 'యోబారె' గురించి చెప్పింది. యోబారె అంటే పిలుపు. నోతోలో ఊరి పండగ రోజున ప్రతి ఇల్లూ తలుపులు తీసి చుట్టాల్నీ, స్నేహితుల్నీ, స్నేహితుల వెంట వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళనీ కూర్చోబెట్టి, వాజిమా లక్కపూత గిన్నెల్లో భోజనం పెడుతుందట. ఈ నెల మొదట్లో ఉషిత్సులో అబారె పండగ జరిపారు, ఎత్తైన కిరికో దీపాల్ని మోశారు. మామ్మ ఊళ్ళో మాత్రం ఈసారి కూర్చోబెట్టడానికి ఇళ్ళేవి? "నాకు ఈ ఏడాది యోబారె శనివారం శనివారం వస్తోంది" అంది, వంకాయ తొడిమలు తీస్తూ. ప్లాస్టిక్ రేకు కప్పిన గిన్నెల మీద ఆవిడ కోపం ఎందుకో అప్పుడు తెలిసింది.

వచ్చే వారం నుంచి రేకు మానేశాం. నీళ్ళు వస్తున్నాయి, కడుక్కుంటాం.

జులై 21, ఆదివారం

తప్పు నాదే. రాత్రి ఫుకురాగి (బురి చేప పిల్లకి ఇక్కడి పేరు) ముల్లంగి పులుసు తొమ్మిది లీటర్ల దాకా మిగిలింది. చేపల పులుసు మర్నాడే కదా బాగుండేది! మూత పెట్టి పొయ్యి మీదే వదిలేశాను. పొద్దున ఐదింటికి మామ్మ గిన్నె పక్కన చెయ్యి ఆనించింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. ఒక్క మాట అనకుండా తీసుకెళ్ళి పారబోయించింది.

తర్వాత టీమ్‌లో నర్సుగా చేసే ఆవిడ విడమరిచి చెప్పింది. వెల్ష్ అనే ఒక బాక్టీరియా ఉంది. దాని బీజాలు మరిగించినా చావవు. పెద్ద గిన్నె మెల్లగా చల్లారుతూ నలభై డిగ్రీల చుట్టుపక్కల గంటలు గంటలు ఉంటుంది. అడుగున గాలి ఆడదు, దానికి అదే కావాలి. జపాన్‌లో పెద్ద గిన్నెల కర్రీ, పులుసు తిన్నవాళ్ళు గుంపుగా జబ్బుపడేది ఎక్కువగా దీనివల్లే. మా ఇంట్లో రెండు లీటర్ల మట్టిదాక త్వరగా చల్లారేది కాబట్టి బతికిపోయామేమో. మర్నాడు పనికెళ్ళాల్సిన 55 మందికి కడుపు పాడు చేస్తే సాయం చేసినట్టా?

కొత్త రూలు, గోడ మీద అంటించాను: ఏదీ రాత్రి దాటకూడదు. దాటాల్సి వస్తే లోతు తక్కువ పళ్ళేల్లో పోసి, కింద ఐసు పెట్టి, అరగంటలో చల్లార్చాలి.

ఆగస్టు 24, శనివారం

బియ్యం లేవు. జపాన్‌లో!

ఆగస్టు 8న దక్షిణాన మియజాకి వైపు భూకంపం వచ్చాక, సముద్రం అడుగున ఉన్న నన్‌కాయ్ లోయలో ఇంకా పెద్దది రావచ్చని ప్రభుత్వం హెచ్చరిక ఇచ్చింది. పోయిన ఏడాది ఎండలకి పంట ఎలాగూ దెబ్బతింది. జనం ఎగబడి కొనుక్కున్నారు. కనజావాలో నాలుగు సూపర్‌మార్కెట్లు తిరిగాను. బియ్యం అర ఖాళీ, 'ఇంటికి ఒక్క సంచి' అన్న కాగితం మాత్రం ఉంది. మాకు ఈ వారానికి 15 కిలోలు కావాలి: రాత్రికి 9, పొద్దున 110 ఒనిగిరీలకి దాదాపు 6. ఉడికాక అన్నం రెండింతలకి కాస్త పైన తూగుతుంది, ఒనిగిరికి 110 గ్రాములు, అలా వచ్చిన లెక్క.

మామ్మ ఎవరికో ఫోన్ చేసింది. గంటలో ట్రక్కు మీద 30 కిలోల దంపుడు బియ్యం బస్తా వచ్చింది. డబ్బిస్తే ఆ ముసలాయన చెయ్యి అడ్డంగా ఊపి బండి తిప్పేశాడు. దాన్ని రోడ్డు పక్కన 'కాయిన్ సెయిమై' డబ్బాకి తీసుకెళ్ళాం. ఫోన్ బూత్‌కి అన్నలా ఉంటుంది. నాణెం వేసి, బియ్యం పోసి, ఎంత తెల్లగా కావాలో బటన్ నొక్కితే పాలిష్ పట్టి ఇస్తుంది. పది కిలోలకి 100 యెన్‌లు. 30 పోస్తే 27 వచ్చాయి. మిగిలిన మూడు కిలోలూ వెనక గదిలో తవుడై రాలాయి. ఆ తవుడు ఎవరైనా ఉచితంగా తీసుకెళ్ళొచ్చు. మామ్మ రెండు సంచులు నింపుకుంది. "డిసెంబరుకి" అంది.

పొద్దున ఒనిగిరీలకి ఇషిరి పూసి కాల్చాం. ఇషిరి ఒక వంతు, మిరిన్ రెండు వంతులు. ముందు ఏమీ పూయకుండా రెండువైపులా పొడిగా కాల్చాలి, పైన పెళుసు పొర కట్టాకే బ్రష్ వేయాలి. తొందరపడి ముందే పూస్తే ముద్ద వల మీదే విచ్చుకుపోతుంది (ఆరు పోయాయి, మేమే తిన్నాం). చేపల సాస్ నిప్పు మీద పడ్డ క్షణం నీచు వాసన, వెంటనే కాలిన వేరుశెనగ లాంటి కమ్మదనం. జిమ్‌లో పడుకున్నవాళ్ళు అలారం మోగకముందే ఒక్కొక్కరే ఇటు వచ్చారు. "మైమోన్" అన్నాడు ఒసాకా కుర్రాడు, అంటే రుచైనది అని. ఇక్కడి మాట నేర్చేసుకున్నాడు.

సెప్టెంబరు 21, శనివారం

వెళ్ళలేదు. పొద్దున్నుంచి నోతోలో కుండపోత. వాజిమాలో గంటలో 120 మిల్లీమీటర్లు. మధ్యాహ్నం టీవీలో మాచినో చూపించారు. పొలం ఏదో నది ఏదో తెలియడం లేదు, బురదనీళ్ళలో మానులు కొట్టుకొస్తున్నాయి. మామ్మ ఫోన్ మోగడం లేదు. ఆ వైపు సిగ్నలే లేదంటున్నారు.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. 1977 ఉప్పెన నాటికి అమ్మకి ఎనిమిదేళ్ళు. "మొదటి రెండ్రోజులు ఏం తిన్నామో నాకు గుర్తులేదు. మూడోరోజు లారీలో పులిహోర పొట్లాలొచ్చాయి. మా నాయనమ్మ ఆ పొట్లం విప్పి, తెచ్చిన కుర్రాడికి ముందు పెట్టబోయింది" అంది. ఇన్నేళ్ళలో ఈ మాట నాతో ఎప్పుడూ చెప్పలేదు.

సెప్టెంబరు 23, సోమవారం

మెసేజ్ వచ్చింది. బతికే ఉంది. షెల్టర్‌లో ఉంది.

సెప్టెంబరు 28, శనివారం

67 మంది, ఇప్పటిదాకా ఇదే ఎక్కువ. అందరికీ ఒకటే పని, బురద. ఇళ్ళలోంచి, నేల పలకల కిందినుంచి పారలతో తోడటం. వంటలో ఉప్పు పెంచాం, అయినా చాల్లేదన్నారు. ఒనిగిరికి రేకు చుట్టే పద్ధతి మార్చాం. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేనిచోట తింటారు కాబట్టి, కింద సగం రేకు పట్టుకుని పై సగం ఒలుచుకునేలా.

మధ్యాహ్నం నేను కూడా మాచినో వెళ్ళాను. జనవరిలో నిలిచిన కొట్టాంలో మోకాలి లోతు బురద. మే నెల పీపా కొట్టుకుపోలేదు, గోడ మూలకి ఒరిగి ఉంది. చిత్రమేమిటంటే మూత మీద రాయి కూడా అలాగే ఉంది. మామ్మ బూట్లతో దిగి మూత ఎత్తింది. పైన వేలెడు మందాన గోధుమరంగు నీళ్ళు. వాటిని వంపేస్తే కింద తవుడు బంగారు రంగులో, అసలేమీ జరగనట్టు. ఐదు నెలల వాసన గుప్పుమంది, మంచి వాసన. అడుగు వరసలకి ఏమీ కాలేదని నేను అనబోతున్నాను, ఇంత ఉప్పులో ఏ పురుగు బతుకుతుంది అని.

ఆవిడ గుప్పెడు తవుడు తీసింది. వాసన చూసింది. వేళ్ళ మధ్య నలిపింది. పీపాని రెండు చేతులా వంచి, చేపలన్నీ బురద గుట్ట మీద పోసేసింది.

"నేనొక్కదాన్నే తినేదైతే తినేదాన్ని" అంది.

మా పారలతోనే అదీ ఎత్తేశాం.

అక్టోబరు 12, శనివారం

58 మంది. టోక్యో నుంచి ఐదుగురు తెలుగు కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒక గుంటూరబ్బాయి పూర్తి శాకాహారి. "సూపులో చేప ఉందా అన్నా?" అని అడిగాడు. ఉంది. కూరలో ఉంది, పచ్చడిలో ఉంది, వంకాయలో కూడా ఉంది. ఇక్కడి వంటలో చేప కనిపించదు, దాషి (చేపతోనో నాచుతోనో తీసే రసం) నీళ్ళలో దాక్కుంటుంది. మామ్మకి చెప్తే ఇబ్బందేమీ పడలేదు. చావు తద్దినాలకి ఇక్కడ చేప ముట్టకుండానే వండుతారు, ఆ వంటలన్నీ ఆవిడకి చేతిలో పని. కొంబు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రే చల్లనీళ్ళలో వేసి దాషి తీసింది. 'సుయిజెన్' కూడా చేసింది. అగర్ నాచులో బియ్యప్పిండి కలిపి గడ్డకట్టించి, తరిగి, నువ్వుల ముద్ద పోస్తారు. ఇది వాజిమా వంటకం. ఆ అబ్బాయి తింటుంటే మిగతా నలుగురూ మాకూ అదే కావాలన్నారు.

మామ్మకి తాత్కాలిక ఇల్లు ఇస్తారట. చిన్న గది, చిన్న వంటగట్టు. "పీపా పెట్టుకోవడానికి చోటుండదు" అంది, అదొక్కటే లోటన్నట్టు.

నవంబరు 23, శనివారం

38 మంది. ఈ ఏటికి ఇదే చివరి వారం, మంచు మొదలైతే ఈ రోడ్ల మీద రాలేం. మొత్తం లెక్క తర్వాత వేస్తాను, బిల్లులు ఇంకా రెండు రావాలి.

స్కూలు వరండాలో వెదురు కట్టి 40 ముల్లంగులు ఆకులతో సహా వేలాడదీశాం. అవి ఎంత ఎండాలంటే, రెండు కొసలూ పట్టుకుని వంచితే విరగకుండా గుండ్రంగా రావాలి. నేను ఒకటి వంచబోతే మామ్మ నా చేతిమీద కొట్టింది, ఇంకా పది రోజులు పడుతుందట. ఆగస్టులో తెచ్చిన తవుడు బురదలో పోయింది. అందుకని పొద్దున్నే మళ్ళీ కాయిన్ సెయిమైకి వెళ్ళి రెండు సంచులు తెచ్చాం. కొత్త పీపా వంటగది వెనక, చల్లటి మూలలో పెట్టాం. చోటు స్కూలుది, పీపా మామ్మది, ఎండుమిర్చి నాది. గుంటూరు మిర్చి ఈసారి ఆవిడే అడిగింది, రెండు చాలంది.

లాప్‌టాప్ తీసి కొత్త వరస చేర్చాను: 'జూన్ 2025. పులిసిన తకువాన్, 2.5 కిలోలు. జెయితాకు-ని.'

పక్కనుంచి కళ్ళజోడు సర్దుకుంటూ చదివించుకుంది. తకువాన్ దగ్గర వేలు పెట్టి, "ఐదు రాయి" అంది.